హైడ్రోఫార్మింగ్‌లో తగ్గేది డై ఖర్చు, పెరిగేది ప్రెస్సు టన్నులు

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెప్తాను. జడ్చర్ల దగ్గర మీకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉన్నది, పోలేపల్లి వైపు మందుల కంపెనీలకు స్టెయిన్‌లెస్ పని చేసి ఇస్తున్నారు. ఒక మిల్లీమీటరు మందం గల 304 గ్రేడు స్టెయిన్‌లెస్ రేకుతో ట్రేలు కావాలని ఆర్డరు వచ్చింది. పొడవు 400, వెడల్పు 300 మిల్లీమీటర్లు, లోతు ఒక చివర 60, మరో చివర 90, అంటే అడుగు వాలుగా ఉంటుంది. అడుగు అంచు వంపు వ్యాసార్ధం 6 మిల్లీమీటర్లని డ్రాయింగులో ఉన్నది. ఏడాదికి కొన్ని వందలకు మించి అవసరం లేదు. పంచ్ (రేకును లోపలికి నెట్టే దిమ్మ), డై (రేకు దిగే గుంట అచ్చు) రెండూ చేయించడానికి హైదరాబాదు బాలానగర్‌లో అడిగిన ధర ఈ సంఖ్యకు గిట్టుబాటు కాదు. హైడ్రోఫార్మింగ్‌లో, అంటే ద్రవపు ఒత్తిడితో రేకును మలిచే పద్ధతిలో, సగం డై చాలునని, మిగతా సగం పని నీళ్లు చేస్తాయని ఎవరో చెప్పగా, మీ దగ్గరున్న 250 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సుతో ఆ పని అవుతుందా అని అడిగారు.

సగం డై చాలునన్న మాట నిజమే. అయితే ఆ రెండో సగం ఊరికే మాయమవదు. ఇనుప డై చేసే పనిని నీటి ఒత్తిడి చేయాలి, ఆ ఒత్తిడి ఎంతో మీ వస్తువులోని అన్నింటికన్నా చిన్న వంపు నిర్ణయిస్తుంది, ఆ ఒత్తిడిని అదిమి పట్టడానికి కావలసిన బలం ప్రెస్సు నుంచి రావాలి. కనుక డై ధర అడిగే ముందు డ్రాయింగులోని ఆ 6 మిల్లీమీటర్లను చూడాలి.

లెక్క చాలా సులభం. రేకు ఒక అంచులోకి పూర్తిగా దిగడానికి కావలసిన ఒత్తిడి, రేకు సాగుతున్నప్పుడు చూపే ప్రతిఘటనను మందంతో గుణించి, వంపు వ్యాసార్ధంతో భాగిస్తే సుమారుగా వస్తుంది. 304 రేకు సాగేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి ఆ ప్రతిఘటనను చదరపు మిల్లీమీటరుకు 600 న్యూటన్లుగా తీసుకోండి. ఒక మిల్లీమీటరు మందానికి, 6 మిల్లీమీటర్ల వంపుకు 100 మెగాపాస్కల్స్, అంటే 1000 బార్లు అవసరమవుతుంది. ఒక బారు అంటే చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో. మీ ట్రే వైశాల్యం 40 సెంటీమీటర్లను 30తో గుణిస్తే 1200 చదరపు సెంటీమీటర్లు. 1000 బార్ల వద్ద పై పలకను పైకి నెట్టే బలం 1200 టన్నులు అవుతుంది. ఇందులో అంచు చుట్టూ ఉండే పట్టీ వైశాల్యం, సీలును అదిమే బలం కలపలేదు. అదే వంపును 20 మిల్లీమీటర్లకు పెంచితే 300 బార్లు, 360 టన్నులు చాలుతాయి. 30కి పెంచితే 200 బార్లు, 240 టన్నులు. అప్పుడు కూడా మీ ప్రెస్సు ఊపిరి బిగబట్టి పని చేయవలసిందే. పైగా ఈ సూత్రం పొడవాటి అంచుకే సరిపోతుంది. మూడు తలాలు కలిసే మూల గోళంలా రెండు దిక్కులా వంగుతుంది కాబట్టి అక్కడ అవసరమయ్యే ఒత్తిడి రెట్టింపు దాకా పోవచ్చు.

కనుక మీరు అడిగిన రూపంలో, రేకు మీద నీటిని నిలిపి కింది డైలోకి అదిమే పద్ధతి, మీ ప్రెస్సుతో సాధ్యం కాదు. టన్నులు చాలినా ఆ పద్ధతితో ఈ ట్రే రాదనడానికి మరో కారణం ఉన్నది. నీరు కారకుండా రేకు బయటి అంచును గట్టిగా బిగిస్తే రేకు లోపలికి జారదు, ఉన్న చోటనే సాగాలి. లోతైన చివర దగ్గర అడ్డంగా కోసి చూస్తే 300 మిల్లీమీటర్ల రేకు, రెండు గోడలు కలుపుకొని, 480 మిల్లీమీటర్లు కావాలి. అది సగటున 60 శాతం సాగుడు. 304 రేకు తెగకముందు సాధారణంగా 50 శాతం పైచిలుకు సాగుతుంది, ప్రమాణం ప్రకారం హామీ 40 శాతమే. గోడలకు కొంత వాలు పెట్టినందువల్ల ఆ అంకె కాస్త తగ్గినా, సాగుడు అంతటా సమానంగా ఉండదు. నడుమ ముందుగా అడుగును తాకిన భాగం రాపిడి వల్ల అక్కడే నిలిచిపోతుంది, మిగిలిన సాగుడంతా మూలల మీద పడుతుంది, రేకు అక్కడ చిరుగుతుంది. లోతు తక్కువ ఉన్న మూతలు, తలుపు పలకలు, ఉబ్బెత్తు గీతలు ఉన్న కవర్లకు ఈ పద్ధతి సరిపోతుంది. మీ ట్రే లోతుకు సరిపోదు.

ఇలాంటి లోతైన వస్తువులకు వాడేది దీనికి తలకిందులుగా ఉండే పద్ధతి. నీటిని కింద ఒక గదిలో నింపి, దాని నోటి మీద రేకు పరచి, చుట్టూ బ్లాంక్ హోల్డర్‌తో, అంటే బ్లాంకు (కోసి పెట్టిన రేకు ముక్క) అంచును అదిమే పలకతో, పట్టి, పై నుంచి పంచ్‌ను దించుతారు. పంచ్ దిగేకొద్దీ కింది నీటి ఒత్తిడి పెరుగుతుంది, రిలీఫ్ వాల్వు దానిని అనుకున్న మేరకు అదుపులో పెడుతుంది. ఇక్కడ నీరు రేకును పంచ్ గోడకు అంటిపెడుతుంది. మామూలు డ్రాలో (పంచ్‌తో రేకును డైలోకి లాగడంలో) పంచ్ ముక్కు దగ్గర రేకు ఒక్కటే లాగుడు బరువంతా మోస్తుంది, అందుకే ఎక్కువగా అక్కడే తెగుతుంది. నీరు అంటిపెట్టినప్పుడు పంచ్ గోడ పొడవునా రాపిడి ఆ బరువును పంచుకుంటుంది. అదే సమయంలో రేకుకూ డై అంచుకూ మధ్య నుంచి కొద్దిగా చిమ్మే నీరు అక్కడి రాపిడిని తగ్గించి, రేకు లోపలికి సులువుగా జారేలా చేస్తుంది. రాపిడి కావలసిన చోట పెరిగి, అక్కర్లేని చోట తగ్గడం ఈ పద్ధతి గొప్పదనం. గుండ్రని గిన్నెల విషయంలో మామూలు డ్రాలో బ్లాంకు వ్యాసం పంచ్ వ్యాసానికి సుమారు రెండు రెట్ల దాకా ఉండవచ్చు. ఈ పద్ధతిలో అది రెండున్నర రెట్లు దాటుతుంది. అంటే రెండు మూడు డ్రాలు, మధ్యలో ఒక అనీలింగు (కాల్చి మెత్తబరచడం) కావలసిన వస్తువు ఒకే దెబ్బకు వస్తుంది. అడుగు వాలుగా ఉన్న మీ ట్రేకు ఇంకొక లాభం ఉన్నది. మామూలు డ్రాలో పంచ్ ఇంకా తాకని వాలు భాగానికి ఎటు వైపూ ఆసరా ఉండదు కనుక అక్కడ ముడతలు పడతాయి. నీరు వెనుక నుంచి ఆసరా ఇస్తుంది.

టన్నుల సంగతి ఇక్కడ కాస్త మెరుగు. పంచ్ ముక్కు దగ్గరి వంపును నీటితో పాటు లాగుడు కూడా చుట్టిపెడుతుంది కాబట్టి మొత్తం ఒత్తిడిని నీరే ఇవ్వనక్కరలేదు. మీ ట్రేకు 100 బార్లు పెట్టారనుకుంటే పంచ్‌ను ఎదురు తోసే బలం 120 టన్నులు. డ్రా బలం, రేకు తెగే హద్దు దాకా లెక్క వేస్తే, మూలల గుండ్రం పోగా సుమారు 1330 మిల్లీమీటర్ల చుట్టుకొలతకు ఇంకో 80 టన్నులు. ఇవి కలిపితే 200 టన్నులు. బ్లాంక్ హోల్డర్ బలం వేరే సిలిండర్ల నుంచి రావాలి, అంటే ప్రెస్సుకు డబుల్ యాక్షన్ (పంచ్‌కూ పట్టే పలకకూ వేర్వేరు కదలిక) గానీ, విడిగా సిలిండర్లు బిగించిన పలక గానీ ఉండాలి. కాగితం మీద 250 టన్నుల్లో ఇది ఇరుకుగా పడుతుంది. కానీ 304కు ఇంత పరిమాణంలో 100 బార్లు సరిపోకపోతే పెంచుకోవడానికి మీ దగ్గర మిగులు లేదు. ఈ ఒక్క ఆర్డరు కోసం ప్రెస్సును మార్పించడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

పద్ధతి కొత్తదేమీ కాదు. డగ్లస్ విమాన కంపెనీలో హెన్రీ గెరిన్ 1930లలోనే ఒక వైపు డై తీసివేసి దాని స్థానంలో రబ్బరు దిమ్మను పెట్టారు. రబ్బరు పొర వెనుక నూనెను నింపి, దాని మీదికి కింది నుంచి పంచ్ ఎక్కే యంత్రాలు 1950లలో అమెరికాలోని సిన్సినాటిలో తయారయ్యాయి. వాటి ఒత్తిడి సుమారు 1000 బార్ల దాకా ఉంటుంది. విమాన భాగాలకు వాడే పెద్ద ఫ్లూయిడ్ సెల్ ప్రెస్సుల్లో (ద్రవం నింపిన రబ్బరు పొరతో అదిమేవి) ఇది 1400 బార్ల వరకు పోతుంది. రాగి గొట్టాల టీ ముక్కలను, 1990ల నుంచి కార్ల ఛాసిస్ గొట్టాలను, ఇప్పటి సైకిళ్ల అల్యూమినియం ఫ్రేములను గొట్టం లోపల ద్రవాన్ని నింపి మలుస్తారు. గొట్టం పని వేరే శాస్త్రం, మీకు అవసరం లేదు కనుక దానిని వదిలేస్తున్నాను.

ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఇది ప్రతి ప్రెస్ షాపుకూ రాకపోవడానికి కారణం వేగం. మెకానికల్ ప్రెస్సు నిమిషానికి ఎన్నో ముక్కలు కొట్టే చోట, ఇందులో గదిని నింపి, గాలి తీసి, ఒత్తిడి ఎక్కించి, దించి, ముక్కను తీసి తుడిచేసరికి ఒక్క ముక్కకే చాలాసేపు పడుతుంది. వేలకు వేలు కావాలంటే ఉక్కు డై పెట్టుకున్నవారే గెలుస్తారు. వందల్లో కావలసినప్పుడు, ఆకారం మారుతూ ఉన్నప్పుడు, పైతలం మీద గీత పడకూడదన్నప్పుడు హైడ్రోఫార్మింగ్‌కు విలువ ఉంటుంది. చివరిది మందుల పనిలో చిన్న విషయం కాదు. నీరు తాకిన వైపు టూల్ గుర్తులు ఉండవు, 2బి ఫినిష్ (మిల్లు నుంచి వచ్చే నున్నని పైతలం) చాలావరకు నిలుస్తుంది, బఫింగు పని తగ్గుతుంది. కొటేషన్లు పోల్చేటప్పుడు ఆ బఫింగు కూలీని కూడా లెక్కలో వేయండి.

ఇక రేకు సంగతి. ఏ పద్ధతిలో చేసినా సగం తిప్పలు రేకు వల్లనే వస్తాయి. బజారులో 304 అని అడిగితే నికెల్ తక్కువ ఉండే చవక 200 సిరీస్ రేకు చేతికి వచ్చే అవకాశం ఉన్నది కాబట్టి మిల్లు సర్టిఫికెట్ లేకుండా కొనకండి. 200 సిరీస్ రేకును లోతుగా లాగితే ఆ రోజు బాగానే కనబడిన గోడ కొన్ని గంటలకో, కొన్ని రోజులకో నిలువునా పగిలే ప్రమాదం ఉన్నది. 304లో ఆ భయం తక్కువ, అయినా నికెల్ కాస్త ఎక్కువగా ఉండే డీప్ డ్రా రకాన్ని అడిగి తీసుకోవడం మంచిది. అయస్కాంతం తగాదా కూడా ముందే తెలిసి ఉండాలి. అసలు 304 రేకు అయస్కాంతానికి అంటదు, కానీ బాగా లాగిన తర్వాత మూలల్లో లోహపు నిర్మాణం కొంత మార్టెన్‌సైట్‌ అనే గట్టి రూపంగా మారి, అక్కడ అయస్కాంతం అంటుతుంది. దానిని చూసి మాల్ నకిలీదని తిప్పి పంపే కొనుగోలుదారులు ఉంటారు. డ్రా చేయని అంచు ముక్కను ఒకటి దాచి, సర్టిఫికెట్‌తో కలిపి చూపిస్తే ఆ మాట అక్కడితో ఆగుతుంది.

నా సలహా ఏమిటంటే, ముందు మందుల కంపెనీ ఇంజనీరు గారితో కూర్చొని ఆ 6 మిల్లీమీటర్ల వంపు ఎందుకో అడగండి. చాలా డ్రాయింగుల్లో వంపు పాత వెల్డింగు ట్రే నుంచి వచ్చిందే తప్ప పనికి అవసరమై పెట్టింది కాదు. వారికి కావలసింది మూలలో పొడి నిలవకపోవడం, కడిగితే శుభ్రం కావడం. ఆ రెండింటికీ పెద్ద వంపే మేలు. 20 లేదా 25కు ఒప్పుకుంటే మీకు దారులు తెరుచుకుంటాయి. ఒకటి, ఈ పరిమాణానికి తగిన పెద్ద ప్రెస్సు ఉన్నవారి దగ్గర జాబ్ వర్క్‌గా చేయించడం. రెండు, మామూలు డ్రానే తీసుకొని, డైను ఖరీదైన టూల్ స్టీలుతో కాక పోత ఇనుముతో చేయించడం. కొన్ని వందల ముక్కలకు పోత ఇనుము నిలుస్తుంది, స్టెయిన్‌లెస్‌తో అతుక్కుపోకుండా మంచి డ్రా కాంపౌండు (జారుడు పూత), పైన ప్లాస్టిక్ ఫిల్ము వాడాలి. మీ సంఖ్యకు నేనైతే ఈ రెండో దారినే ముందుగా చూస్తాను. వంపు 6 తప్పదంటే నాలుగు మూలలను విడిగా ప్రెస్ చేసి, మడిచిన పలకలకు టిగ్ వెల్డ్ చేసి, గ్రైండు చేయడం తప్ప చవకైన మార్గం నాకు కనబడదు. టూల్ డిజైన్ విషయంలో రెండో అభిప్రాయం కావాలంటే బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మీకు దూరమేమీ కాదు.

హైడ్రోఫార్మింగ్ మీద ఆసక్తి ఉన్నది కాబట్టి ఒక మాట. మీ షెడ్డులో, పెద్ద ప్రెస్సు లేకుండా, నిజంగా చేయగలిగిన హైడ్రోఫార్మింగ్ ఒకటి ఉన్నది, దానికి మన చుట్టుపక్కలే గిరాకీ ఉన్నది. అది డింపుల్ జాకెట్, దానినే పిల్లో ప్లేట్ అని కూడా అంటారు. రెండు రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో సమాన దూరాల్లో చుక్కలుగా వెల్డ్ చేసి, అంచు చుట్టూ మూసి, ఒక నాజిల్ గుండా నీటిని పంపుతో ఎక్కిస్తే, దూది పరుపుకు కుట్ల మధ్య ఉబ్బు వచ్చినట్టు వెల్డు చుక్కల మధ్య రేకు ఉబ్బి, లోపల ద్రవం పారే దారి ఏర్పడుతుంది. రెండు రేకుల మందం సమానమైతే రెండు వైపులా ఉబ్బుతాయి. ఒకటి బాగా మందమైతే అది చదునుగానే ఉండి పలుచనిది మాత్రమే ఉబ్బుతుంది. పాలు చల్లార్చే బల్క్ కూలర్ల అడుగు ఇలాంటిదే, పాలు తాకే లోపలి వైపు నున్నగా, బయటి వైపు ఉబ్బులతో ఉంటుంది. చౌటుప్పల్, పోలేపల్లి వైపు రియాక్టర్లకూ స్టోరేజీ ట్యాంకులకూ ఈ జాకెట్లు కూడా వాడుతారు. ఇక్కడ డై లేదు, ప్రెస్సు లేదు, వెల్డు చుక్కలే ఆకారాన్ని నిర్ణయిస్తాయి. చుక్కల మధ్య దూరం పెద్దది, ఉబ్బు వంపు కూడా పెద్దది కనుక కొన్ని పదుల బార్లతో పని జరుగుతుంది, హైడ్రో టెస్ట్ పంపు (పాత్రలను నీటి ఒత్తిడితో పరీక్షించేది) చాలు. స్తూపాకారపు పాత్రకు అయితే రేకులను చదునుగా ఉండగానే వెల్డ్ చేసి, రోలింగ్ చేసి, ఆ తర్వాతనే ఉబ్బించాలి. ఉబ్బిన తర్వాత రోలింగు చేస్తే ఉబ్బులు నలుగుతాయి. ఇది ప్రెషర్ వెసెల్ (ఒత్తిడిని మోసే పాత్ర) కిందికి వచ్చే వస్తువు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఏఎస్‌ఎంఈ కోడ్ ఎనిమిదో విభాగం మొదటి భాగంలో దీని గురించి విడిగా నియమాలు ఉన్నాయి. అదే రేకు, అదే దూరం, అదే వెల్డింగుతో ఒక నమూనా పలకను పగిలే దాకా ఒత్తిడి పెట్టి చూడకుండా పని ఒప్పుకోకండి.

డై లేకుండా చేసే పని ఇంకొకటి ఉన్నది, తెలుసుకోదగినది. 1985లో చైనాలోని హార్బిన్ సాంకేతిక సంస్థలో వాంగ్ ఝోంగ్‌రెన్ చదునైన రేకు ముక్కలతో అనేక ముఖాల పెట్టెను వెల్డ్ చేసి, దానిలో నీటిని నింపి ఒత్తిడి పెంచి, గుండ్రని గోళంగా మార్చే పద్ధతిని కనిపెట్టారు. అర మీటరు వ్యాసార్ధం, రెండు మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు రేకు అనుకొని లెక్క వేసి చూడండి, ఇరవై బార్ల దగ్గరే రేకు సాగడం మొదలవుతుంది. మీ ట్రే అంచు వంపుకు వెయ్యి బార్లు, అంత పెద్ద గోళానికి ఇరవై. వంపు ఎంత పెద్దదైతే ఒత్తిడి అంత తక్కువ అన్న నియమం ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనబడదు.

ఇలాంటి పని దేనికైనా గాలిని వాడకండి. నీరు ఒత్తిడికి దాదాపు కుదించుకుపోదు, 500 బార్ల వద్ద కూడా దాని ఘనపరిమాణం రెండు శాతం పైచిలుకు మాత్రమే తగ్గుతుంది. అందువల్ల వెల్డు తెగితే ఒత్తిడి చప్పున పడిపోతుంది. అదే గాలి అయితే, అంతే ఒత్తిడిలో అంతే జాగాలో దాచుకునే శక్తి కొన్ని వందల రెట్లు ఎక్కువ, తెగితే అది పేలుడే. నీరు నింపేటప్పుడు అన్నింటికన్నా పై భాగంలో బ్లీడ్ వాల్వు పెట్టి గాలి పూర్తిగా పోయేదాకా కారనివ్వడం కూడా ఇందుకే. పంపు వైపు మనిషి నిలబడే చోట మందమైన ప్లేటు అడ్డంగా ఉండాలి, ఒత్తిడి ఉన్నంతసేపు కారే చోటును వేలితో తడిమి వెతకకూడదు. సన్నని రంధ్రం నుంచి వచ్చే అధిక ఒత్తిడి ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా వెంటనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు, అందుకని కట్టు కట్టి ఇంటికి పంపకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

నీరు అన్నాను గానీ, ఏ నీరు పడితే ఆ నీరు కాదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బోరు నీరనగానే అందరికీ ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. స్టెయిన్‌లెస్‌ను తినేది మాత్రం క్లోరైడు. హైడ్రో టెస్టుకు వాడే నీటిలో క్లోరైడు 50 పీపీఎం లోపు ఉండాలన్న హద్దును చాలామంది కొనుగోలుదారులు పెడతారు, మన బోర్లలో అనేకం దానిని దాటుతాయి. డింపుల్ జాకెట్ లోపలి ఇరుకు సందుల్లో ఆ నీరు నిలిచి ఆరితే, ఉప్పు అక్కడే మిగిలి గుంటలు పడతాయి, బయటికి కనబడవు. ఆర్‌ఓ నీరు గానీ డీమినరలైజ్డ్ నీరు గానీ వాడి, పని కాగానే వేడి గాలితో పూర్తిగా ఆరబెట్టాలి.

జాబ్ వర్క్ వాళ్లకు కొటేషన్ కోసం డ్రాయింగు పంపేటప్పుడు రేకు గ్రేడు, మందం, అతి చిన్న వంపు, గోడ వాలు కోణం, మందం ఎంత శాతం తగ్గినా మీకు సమ్మతమో, ఏ వైపు పైతలం శుభ్రంగా ఉండాలో రాయండి. మందం తగ్గుదల రాయకపోతే వారు ముక్క చిరగనంత వరకు అంతా సరేననుకుంటారు. మొదటి ముక్క రాగానే మూలల దగ్గర అల్ట్రాసోనిక్ గేజితో మందం చూడండి. బ్లాంకు మీద ముందుగానే చిన్న చిన్న వృత్తాలు ముద్రించి కొట్టమంటే ఇంకా మంచిది. ఏ వృత్తం ఎటు వైపు ఎంత సాగిందో చూస్తే, బ్లాంకు మూలలు ఎంత కోయాలో, బ్లాంక్ హోల్డర్ ఒత్తిడి ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది. వంపు 20కి ఒప్పుకున్న డ్రాయింగు వచ్చిన తర్వాత ఆ కొలతలు ఇక్కడ పెట్టండి, బ్లాంకు ఆకారం లెక్క వేసి చెప్తాను.